కప్పు ఊపేదాకా

పోశన్న ఇత్తడి కూజా మూతిలో ఖర్జూరపు చెట్టు పీచు కొంచెం కుక్కి వేలితో నొక్కి చూశాడు. వదులుగా ఉంటే పిప్పి కప్పులో పడుతుంది, బిగిస్తే ధార రాదు. పక్షి ముక్కులాంటి మూతి ఉన్న ఆ కూజాలో గావా, అంటే యాలకులు వేసిన అరబ్బు కాఫీ, పోసి ఎడమచేతికి ఎత్తుకున్నాడు. కుడిచేతిలో పిడి లేని చిన్న పింగాణీ కప్పులు, ఒకదానిలో ఒకటి.

కొత్తలో కుడిచేత్తో పోసేవాడు. వడ్డన కుడిచేతిదే కదా. దాంతో కప్పు ఎడమచేత్తో అందేది. ఒక ముసలాయన తీసుకోకుండా మొహం తిప్పుకున్నాడు. ఇక్కడ పోసేది ఎడమ, ఇచ్చేది కుడి. ఇచ్చే చెయ్యి ఏ దేవుడి లెక్కలోనైనా కుడిదేనని అర్థమయ్యాక పోశన్నకు మనసు కుదుటపడింది. గల్ఫ్ చేరి, బుసైతీన్‌లో ఇళ్ళు కట్టే పనిలో మోకాలు చెడిపోయి ఈ పనికి వచ్చిన మనిషికి ఆ మాత్రం ఊరట పెద్దదే.

సీఫ్‌లోని ఆ హోటల్లో నిన్నటి నుంచి సభ. యుద్ధంలో నలిగిన ఒక దేశపు అధికారులు వచ్చారు. తమ ముసలివాళ్ళకు, దిక్కులేనివాళ్ళకు తమ సర్కారే నెలనెలా పింఛను ఇవ్వాలని వాళ్ళ పట్టు. ఇన్నాళ్ళూ పిండి లారీలు పంపిన విదేశీ సంస్థలు ఆ డబ్బు సర్కారు చేతిలో పెడతాయా లేదా అన్నది ఈరోజు తేలాలి. వంటింట్లో గిన్నెలు కడిగే హసన్‌ది ఆ దేశమే. అతని తల్లి పిండి కోసం కొండ దిగివచ్చి, లారీ దగ్గర తోపులాటలో పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. మళ్ళీ దిగే ఓపిక ఆమెకు లేదు.

హసన్‌కు హాల్లోకి పోయే వీల్లేదు. పోశన్న గావా నింపుకోవడానికి వచ్చినప్పుడల్లా క్రికెట్ స్కోరులా కబురు తెస్తున్నాడు.

“ఏమైంది అన్నయ్యా?” కప్పులు తుడుస్తూ సత్యకుమారి అడిగింది. ఆమెది కాకినాడ వైపు.

“సంస్థలోళ్ళ తెల్లాయన ఇంకో ఏడాది లారీలే పంపుతమంటున్నడు. ఆళ్ళ ఆఫీసరు పెద్దమ్మ ఒప్పుకుంటలేదు.” అదే మాట హసన్‌కు హిందీలో చెప్పాడు.

“సర్కారే నిలబడలేకుందంట, పింఛనేం ఇస్తాది? అయినా సాయంత్రం ఊరెళ్ళిపోయేవోడివి, నీకెందుకీ గోల?”

“మా దిక్కు సుత గట్లనే అన్నరు చెల్లె. మా అవ్వకు పింఛను అచ్చిన నాడు పోస్టాఫీసు కాడి నుంచే నాకు ఫోన్ జేపిచ్చింది. ‘దుబాయిల నీకేమన్న కావాల్నా బిడ్డా’ అన్నది. అవ్వకు గల్ఫంత దుబాయే.”

“నువ్వేటి అడిగావు?”

“ఏమడుగుత? నవ్వొచ్చింది. ఫోన్ పెట్టినంక ఏడ్పొచ్చింది.”

హాల్లో తెల్లాయన మాట్లాడుతూనే ఉన్నాడు. మర్యాదకు కప్పు ఖాళీ చేసి పెడతాడు, పోశన్న నింపుతాడు. చాలనుకుంటే కప్పును అటూ ఇటూ ఊపాలని ఆయనకు తెలియదు. చివరికి కప్పు మీద అరచెయ్యి మూసి దీనంగా చూశాడు. అందరూ నవ్వారు.

“ఊపండి. మీరు ఊపేదాకా ఇతను పోస్తూనే ఉంటాడు,” అంది నల్ల ముసుగు అంచున నెరిసిన జుట్టు కనిపిస్తున్న ఆ అధికారిణి. నవ్వులు ఆగాక నెమ్మదిగా అరబ్బీలోనే అంది: “మా ముసలివాళ్ళు ఇంకా కప్పు ఊపలేదు. మీరే ప్రతి ఏడాదీ మధ్యలో కూజా ఎత్తుకుపోతున్నారు. కూజా మాకివ్వండి.”

అతిథుల మధ్య తిరిగి తిరిగి నేర్చుకున్న అరబ్బీ ఆ మాటకు సరిపోయింది. పోశన్న పోస్తూనే ఆమె వైపు తిరిగాడు, బల్లగుడ్డ మీద ఒక చుక్క పడింది. ఎవరూ చూడలేదు.

భోజనాల తర్వాత సంతకాలు జరిగాయి. పోశన్న మోకాలు మాట మరిచి వంటింట్లోకి పరుగులాంటి నడకతో వచ్చాడు.

“అయింది భాయ్. ఖలాస్. కొండల మీదోళ్ళకే మొదట.”

హసన్ సబ్బు చేతులతోనే అతన్ని వాటేసుకున్నాడు. చొక్కా వీపంతా నురగ.

“సంతకం ఈడ, కొండ ఆడ. పింఛను అందాకా ఎక్కొద్దా మరి?” అంది సత్యకుమారి. కానీ ఆమె కూడా నవ్వుతోంది.

ఆ మాటా నిజమే. దేవుడు ఇస్తాడంటారు. ఇచ్చింది గడపదాకా మోయడానికి ఎవరివో కాళ్ళు కావాలి కదా. ఆ కాళ్ళు ఆగకుండా చూడమని పోశన్న మనసులోనే ఎములాడ రాజన్నకు మొక్కాడు.

ఎండ తగ్గేసరికి ముహర్రక్ విమానాశ్రయానికి పోయే వ్యాను వెనక గేటు దగ్గర ఆగింది. వీసా అయిపోయింది. ఊళ్ళో భార్య భూలక్ష్మి ఎదురుచూస్తోంది. హసన్ చేతులు తుడుచుకుని, పోశన్నను బోర్లించిన డబ్బా మీద కూర్చోబెట్టి, ఎడమచేత్తో కూజా ఎత్తాడు. ఇన్నేళ్ళలో పోశన్నకు ఒకరు పోయడం అదే మొదలు. తాగాడు. హసన్ మళ్ళీ పోశాడు, మళ్ళీ తాగాడు. బయట హారన్ మోగింది.

“పైలం భాయ్. అమ్మను అడిగిన్నని చెప్పు,” అన్నాడు పోశన్న తెలుగులోనే. కప్పు బల్ల మీద పెట్టి, బ్యాగు భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయాడు.

కప్పు ఊపలేదు. హసన్ కాసేపు దాని వంకే చూసి, కూజా వంచాడు.

స్టీలు బల్ల మీద ఆ చిన్న కప్పు నిండుగా ఉంది, పైన పలచని ఆవిరి.