దగ్గరలోనే ఉంది

కుళ్ళాయప్పకు కాలు ఒకచోట నిలవడం లేదు. పామిడి దాటాక రోడ్డు పక్కనే ఉన్న రాజేంద్ర చేనులో వేరుశనగ చెట్లు పీకి పదిహేను కుప్పలు వేశారు. నూర్పిడి మిషన్ ఇప్పటికే మూడు కుప్పలు మింగి, కాయలు రాలిన చెట్ల కట్టెను ఒక పక్కకు, కాయలను ఇంకో పక్కకు కక్కింది. మిగిలిన పన్నెండింటిలో ఎక్కడో ఆయన కూతురు జ్యోతిలక్ష్మి చెవి మిషన్ ఉండాలి. లేదంటే ఆ మూడింటిలోనే పోయి ఉండాలి.

జ్యోతికి ఎడమ చెవి పుట్టుకతోనే పనిచేయదు. కుడి చెవికి ఆ మిషన్ ఉంటేనే మాట వినబడేది. రెండేళ్లు క్యాంపుల చుట్టూ తిరిగితే దక్కింది. ఈరోజు శనివారం. సోమవారం అనంతపురంలో నర్సింగ్‌లో చేరాలి. చెవి పరీక్ష చేసి గాని చేర్చుకోమని ముందే చెప్పారు. మిషన్ లేకుండా పిల్ల అక్కడికి పోయి ఏం వింటుంది, ఏం చెబుతుంది?

అసలు కుళ్ళాయప్ప వచ్చింది కూలికి కాదు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేను తిరిగి, అది నిలువుగా లేచిన చోట బోరు వేయమని చెప్పడం ఆయన విద్య. చుట్టుపక్కల ఊళ్లలో నలభై ఏళ్లుగా ఆ మాటకు ఎదురులేదు. ఆయన సొంత చేనులో మూడు బోర్లూ ఎండినవే వచ్చాయి. అయినా ఆ సంగతి ఎవరూ ఆయన ముందు ఎత్తరు, ఆయనా ఎత్తడు. ఈరోజు పంట ఎత్తగానే రాజేంద్రకు పాయింట్ చూపించాలి. కూలికి వస్తున్న కూతురి వెంట తనూ పొద్దున్నే వచ్చాడు. దుమ్ము రేగుతోందని తన తలగుడ్డ విప్పి ఆమె తలకు చుట్టాడు. అన్నాల వేళ జ్యోతి దాన్ని విప్పి ఇచ్చేస్తే, ఆయన మళ్లీ తన తలకు చుట్టుకున్నాడు. చేతులు కడుక్కునే సరికి చెవి ఖాళీగా ఉంది.

అన్నం తిన్నచోట మట్టిని వేళ్లతో జల్లెడ పట్టారు. లేదు. పొద్దున చెట్లు మోసేటప్పుడే ఏదో కుప్పలో ఊడిపడి ఉంటుందని కూలి ఆడవాళ్లు తేల్చారు. నూర్పిడి మిషన్ ఆపమని కుళ్ళాయప్ప రాజేంద్ర చేతులు పట్టుకున్నాడు.

"అన్నా, ఒక్క గంటే ఆపేది. సాయంత్రానికి ఇంకో చేనుకు పోవల్ల మిషను," అన్నాడు రాజేంద్ర. పాపం, అతనూ చెడ్డవాడు కాదు.

జ్యోతి ఫోన్ తీసింది. "దీనికీ నా మిషనుకూ బ్లూటూత్ జత ఉండాది నాయనా. ఒకసారి జత చేస్తే, దగ్గరికి వచ్చినప్పుడు ఒకదాన్నొకటి గుర్తు పడతాయి. ముప్పై అడుగులు దాటితే పలకదు. దగ్గరికి పోయేకొద్దీ గీతలు పెరుగుతాయి."

ఫోన్‌లో ఐదు గీతలకు నాలుగు వెలుగుతున్నాయి. కింద 'దగ్గరలోనే ఉంది' అని అక్షరాలు. కుళ్ళాయప్పకు ప్రాణం లేచి వచ్చింది. తండ్రీకూతుళ్లు మొదటి కుప్ప మీద పడ్డారు. చెట్టు చెట్టూ దులిపారు. ఏమీ లేదు. రెండో కుప్ప దగ్గరా నాలుగు గీతలే. దాన్నీ చిందరవందర చేశారు. మూడో కుప్పా అంతే. ఆయన వేళ్లు చీరుకుపోయాయి. ట్రాక్టర్ డ్రైవర్ గడియారం చూసుకుంటున్నాడు.

ఆయన కూతురి ముఖానికి ఎదురుగా నిలబడి, పెదాలు కనిపించేలా అడిగాడు. "అన్నిచోట్లా ఉండాదంటాది, యాడా లేదే. అబద్ధం చెప్తాందా ఇది?"

"తడి అడ్డమొస్తే సరిగా చెప్పదు నాయనా. పచ్చికట్టె ఉండాది, ఇంతమంది మనుషులుండారు. మన ఒళ్లంతా నీళ్లే కదా, సిగ్నల్‌ను అవి తాగేస్తాయంట."

కుళ్ళాయప్పకు నవ్వు రావలసింది, ఏడుపొచ్చింది. నలభై ఏళ్లు నీళ్ల కోసం తిరిగిన మనిషికి ఈరోజు నీళ్లే అడ్డం. కానీ ఒక సంగతి మాత్రం ఆయనకు బాగా తెలుసు. టెంకాయ పట్టుకుని నడిచేటప్పుడు చేనులో ఇంకో పురుగు ఉండకూడదు.

"అందరూ గట్టు మీదికి పోండి. నువ్వు గూడా పో మా. ఫోన్ ఇట్లియ్యి."

అందరూ గట్టెక్కారు. ఆయన ఫోన్‌ను టెంకాయలాగే అరచేతిలో పెట్టుకుని, చెప్పులు విడిచి ఒంటరిగా నడిచాడు. నాలుగు గీతలు. మిగిలిన కుప్పలన్నీ దాటాడు. నాలుగు గీతలు. నూర్పిడి మిషన్ దగ్గర, కాయల రాశి దగ్గర, నాలుగే. చేను చివర గింజ కూడా మొలవని రాళ్ల దిబ్బ ఉంది. ఈరోజు అటువైపు ఎవరూ అడుగు పెట్టలేదు. ఆయన ఆ దిబ్బ ఎక్కి ఫోన్ చూశాడు.

'దగ్గరలోనే ఉంది.'

కోపంతో ఆ ఫోన్‌ను నేలకేసి కొట్టాలనిపించింది. తర్వాత కోపం పోయి భయం వేసింది. కుప్పల నుంచి ఇంత దూరం వచ్చినా గీత తగ్గలేదు. నేల మారింది, గీతలు మారలేదు. అంటే అది నేలలో లేదు. ఇంతసేపూ తనతోపాటే నడుస్తోంది.

ఆయన మెల్లగా తలగుడ్డ విప్పాడు. లోపలి మడతలో, అంచు దారాలకు చిక్కుకుని, చిక్కుడు గింజంత మిషన్ వేలాడుతోంది.

పరుగెత్తుకొచ్చిన జ్యోతి దాన్ని ఊది, తుడిచి చెవికి పెట్టుకుంది. రెండు చేతులతో తండ్రి ముఖం పట్టుకుని ఏడ్చేసింది. ఆయనా ఏడ్చాడు. ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు. తలమీద పెట్టుకుని చేనంతా దున్నించావు గదన్నా అని ఒకామె అంటే అందరూ మళ్లీ నవ్వారు. నూర్పిడి మిషన్ మళ్లీ మొదలైంది. ఆ మోతకు జ్యోతి ఉలిక్కిపడి, నవ్వింది.

రాజేంద్ర సంచిలోంచి టెంకాయ తీసి తెచ్చాడు. "ఇంక నా పని చూడన్నా. యాడ లేస్తే ఆడ బోరు."

కుళ్ళాయప్ప టెంకాయ అందుకున్నాడు. అరచెయ్యి చాపి, దాని మీద పెట్టి, ఒక్క అడుగు కూడా వేయకుండా చూస్తూ ఉండిపోయాడు. టెంకాయ కొద్దిగా కదిలింది. ఎప్పుడూ అలాగే కదిలేది. ఆయనకు తన చేనులోని మూడు బోర్లూ కళ్ల ముందుకొచ్చాయి. వాటి తర్వాత వేరేవాళ్లవి, తాను మర్చిపోయానని అనుకున్నవి, ఒక్కొక్కటే వచ్చాయి.

"నాతో కాదప్పా. భూమి కింద చూసే యంత్రాలోళ్లు ఉంటారు గదా, వాళ్లను పిలిపించుకో."

"ఏమన్నా, ఇట్లంటావు? నీ మాట మీదనే గదా ఇన్నాళ్లూ కూర్చోనుండేది."

ఆయన దిబ్బ రాయి మీద టెంకాయ కొట్టాడు. నీళ్లు రాళ్ల సందుల్లో పడీ పడకముందే ఇంకిపోయాయి. ఒక చిప్ప రాజేంద్ర చేతిలో పెట్టి, ఇంకోటి కూతురికిచ్చాడు.

"ఎందుకు కొట్టినావు నాయనా?"

కుళ్ళాయప్ప తలగుడ్డ దులుపుకుంటూ అటు తిరిగాడు. మిషన్ మోతలో పక్కనున్న రాజేంద్రకు కూడా వినపడనంత చిన్నగా అన్నాడు.

"ఇన్నేండ్లూ టెంకాయను నా చెయ్యే లేపుతాండెనేమో మా."

జ్యోతికి వినపడింది.