మెట్టెలతో మంచులోకి

నేను ఒక హెల్మెట్‌ని. మోటారు సైకిలు మీద మోచేతికి వేలాడే రకం కాదు, మంచుకొండల మీద స్కీయింగ్ చేసేవాళ్ళ నెత్తికెక్కే రకం. ఎర్రగా, గుండ్రంగా, నా మటుకు నేను చాలా బాగుంటాను.

ఫ్యాక్టరీలో నాతోపాటు పుట్టిన తమ్ముణ్ణి పరీక్ష పేరుతో ఇనుప దిమ్మకేసి మోదారు. వాడు పగిలాడు. లోపల పెట్టిన బొమ్మ తలకేమీ కాలేదని ఇంజినీర్లు లడ్డూలు పంచుకున్నారు. మా వంశం చేయాల్సిన పనేమిటో ఆ రోజే నాకు అర్థమైంది.

తర్వాత హిమాలయాల్లో, గఢ్వాల్ కొండల్లో నేగీ కొట్టుకు చేరాను. నేగీ స్కీయింగ్ నేర్పుతాడు, సామాను అద్దెకిస్తాడు. ఎన్ని తలలు చూశానని! కొబ్బరినూనె తలలు, జెల్లు తలలు, పెళ్ళిచూపులకు దువ్వుకొచ్చినట్టున్న తలలు. మనుషులు ఫోనుకు తొడుగు లేనిదే గడప దాటరు, తలకు మాత్రం ఎందుకులే అంటారు. ఈ చలికాలం మొదట్లో ఒకతను, ఫొటోలో జుట్టు కనబడదని నన్ను కొక్కేనికి తగిలించి వెళ్ళాడు. వాలు చివర దేవదారు చెట్టుకు గుద్దుకున్నాడు. కొట్టులో విడిచిన బూట్ల కోసం అతను రాలేదు, అతని అన్న వచ్చాడు. అప్పటినుంచి హెల్మెట్ లేనివాణ్ణి నేగీ మంచు తొక్కనివ్వడు.

ఆ తర్వాత నా భాగ్యం పండి లాస్య వచ్చింది. తణుకు పిల్ల, కొత్త పెళ్ళికూతురు, పాదాల పారాణి ఇంకా వదల్లేదు. పక్కన పొడుగ్గా, సన్నగా భర్త.

"ఏవండీ, ఇది పెట్టుకుంటే ఎలా ఉన్నాను?"

"కొబ్బరి బొండాంలా ఉన్నావు."

"మీరు అందులో గుచ్చిన స్ట్రాలా ఉన్నారు."

ఆమె నవ్వితే నేనూ ఊగిపోయాను. అంత హాయైన తల నాకెన్నడూ తగల్లేదు.

చిక్కంతా బూట్ల దగ్గర వచ్చింది. స్కీ బూటు పాదాన్ని గట్టిగా పట్టి ఉండాలి. అప్పుడే కాలు తిప్పితే కింద బిగించిన స్కీ పలక తిరుగుతుంది. అలా పట్టేసరికి మెట్టెలు వేళ్ళను నొక్కాయి. నేగీ తీసేయమన్నాడు.

"పదహార్రోజుల పండగన్నా కాలేదు, మెట్టెలు తియ్యడమేంటండీ," అంది లాస్య. "మీ అమ్మగారికి తెలిస్తే?"

"మా అమ్మ తణుకులో ఉంది కదా."

"ఆవిడకి కాళ్ళు చూడక్కర్లేదు. నా మొహం చూస్తే తెలిసిపోద్ది."

నేగీ అటు తిరగగానే ఒక సైజు పెద్ద బూట్లు తొడిగేసుకుంది. మొగుడు కాపలా కాశాడు. పక్క తోటలో దొంగతనంగా మామిడికాయలు కోసినంత సంబరపడ్డారు ఇద్దరూ. నాకే గనక నోరుంటే!

వాలు మీద కాసేపు స్వర్గమే. అతను కింద నిలబడి ఫోనులో వీడియో తీస్తూ, "అదరగొడుతున్నావు, చెయ్యూపు," అన్నాడు. ఆమె ఊపింది. అప్పటికే మడమ బూటులోంచి పైకి లేస్తోంది. కాలు తిరుగుతోంది, పలక తిరగడం లేదు. పక్కకు పడిపొమ్మని వెనకనుంచి నేగీ అరుపు. మొగుడి పక్కనుంచే దూసుకుపోయాం. ఎర్రజెండాల తాడు దాటేశాం. ఎదురుగా అదే దేవదారు.

ఠప్. నుదుటి నుంచి చెవిదాకా పగిలాను.

జనం మూగారు. నేగీ వచ్చి, తలకు దెబ్బ తగిలిందేమోనని హిందీలో ఒక్కొక్కటే అడిగాడు. పేరు? లాస్య. ఊరు? తణుకు. భర్త పేరు?

ఆమె తల దించుకుంది. పెదవి కదపలేదు.

నేగీ మొహం పాలిపోయింది. భర్త మంచులో కూలబడ్డాడు. "లాస్యా, నేను గుర్తులేనా? పొద్దున్నే కదే నా ప్లేటులో పరోటా లాక్కున్నావు."

"గుర్తున్నారండీ," అని గొణిగింది. "ఇంతమందిలో మొగుడి పేరెలా చెప్పను? గుమ్మంలో మీ చెల్లెళ్ళు అడ్డంపడితేనే చెప్పలేదు, నా గాజులిచ్చి లోపలికొచ్చాను."

"నీకు దణ్ణం పెడతాను. ఒక్కసారి చెప్పవే."

"ఫణీంద్ర," అంది. అతను ఏడుస్తూ నవ్వాడు.

నేగీ ఆమె బూటులో మడమ వెనక రెండు వేళ్ళు పెట్టి ఆ సందు చూపించాడు. డాక్టరు భయం లేదన్నాక, మెట్టెలు ఆమే తీసి పసుపుతాడుకు కట్టుకుంది. విశ్రాంతి అయ్యాక సరైన బూట్లతో, నా చెల్లెల్ని నెత్తిన పెట్టుకుని మళ్ళీ మంచు మీదికెక్కింది.

ఒకసారి గట్టిదెబ్బ తిన్న హెల్మెట్ ఇంక పనికిరాదు. కొట్టు వెనక తుక్కులో, వంగిన కర్రల మధ్య వెల్లకిలా పడున్నాను. నా పగుల్లోంచి మంచు రాలుతోంది, చక్కిలిగిలిగా ఉంది. పాపం ఫణీంద్ర, తన భార్య నోట తన పేరు మొదట విన్నది తనేననుకుంటున్నాడు. చెట్టు మీదికొస్తున్న ఆ క్షణంలో, కళ్ళు మూసుకుని, ఆమె నా లోపల ఆ పేరే పిలిచింది.