రెండో పొయ్యి

బిల్లు కలెక్టరు బ్రహ్మయ్య సోమవారం వస్తాడన్న కబురు శనివారమే సున్నపుబట్టీల పాలేనికి చేరింది. ఢిల్లీ నుంచి జగ్గయ్యపేట పంచాయతీకి ఇళ్ల డబ్బు వచ్చిందట. ఎన్ని ఇళ్లో ఎవరికీ తెలీదు. బ్రహ్మయ్య లెక్క మాత్రం అందరికీ తెలుసు. అతను మనుషుల్ని లెక్కపెట్టడు, పొయ్యిల్ని లెక్కపెడతాడు. ఒక గుడిసెలో రెండో పొయ్యి ఉంటే, ఆ రెండోది ఇల్లు లేని కుటుంబం కింద జమ.

ఆదివారం ప్రార్థన కాగానే ఆడవాళ్లు గంపలు పట్టుకుని పాలేటి ఒడ్డుకు మట్టికి పోయారు.

ఏలీయా గుడిసెలో పొయ్యి ఒక్కటే. దాని మీద తినేవాళ్లు ఎనిమిదిమంది. తల్లి ఆదెమ్మ, ఏలీయా, అతని భార్య రూతు, ఇద్దరు పిల్లలు, తమ్ముడు స్తెఫను, మరదలు, వాళ్ల చంటిది. రూతుకు మళ్లీ మూడో నెల. ఎనిమిదిమందీ ఒకేసారి నడుం వాల్చే చోటు లేక ఏలీయా బట్టీ షెడ్డులో పడుకునేవాడు.

"అమ్మా, మనమూ ఇంకో పొయ్యి వేద్దాం" అన్నాడు.

"నేను పోయాక వేసుకోండి."

"వేరుపడటానిక్కాదే. రాయించుకోటానికి."

"దేనికి వేశావో పొయ్యికి తెలుస్తదంట్రా?"

స్తెఫను నవ్వాడు. "అన్నా, అమ్మని కొత్తింటికి రమ్మంటే పొయ్యి చంకనెత్తుకుని వస్తది."

సాయంత్రం ఏలీయా పడమటి గోడవార తనే పొయ్యి వేశాడు. తల్లి పొయ్యికీ దానికీ మధ్య మూడడుగులు. ఆదెమ్మ చూసింది.

మర్నాడు బ్రహ్మయ్య సైకిలు బయట నిలబెట్టి, పుస్తకంతో లోపలికి వంగి వచ్చాడు. కొత్త పొయ్యిలో వేలు పెట్టాడు. వేలికి తడిమట్టి అంటుకుంది.

"ఏమయ్యా, దీని మీద ఏం వండారు, బురదా?"

గుమ్మంలో నిలబడ్డవాళ్లు నవ్వారు. వాళ్ల పొయ్యిలూ తడివే.

"తడి పొయ్యి నేను రాయను. పై నుంచి ఎవరన్నా వస్తే నా ఉద్యోగం పోద్ది" అని బ్రహ్మయ్య పుస్తకం మూశాడు.

అప్పుడు ఆదెమ్మ లేచింది. ఆ పాలెంలో కొడుకు వేరుపడితే తల్లి తన పొయ్యిలోంచి నిప్పు తీసి ఇస్తుంది. ఆనాటి నుంచి ఆమె ఒక పొయ్యి మీదే తింటుంది, రెండో పొయ్యి మెతుకు ముట్టదు. ఇచ్చిన నిప్పు తిరిగి తెచ్చి తల్లి పొయ్యిలో వేస్తే కలిసిపోయినట్టు. అలా తెచ్చినవాళ్లను ఏలీయా చూడలేదు. ఆదెమ్మ కుండపెంకు మీద నిప్పులు తీసి కొత్త పొయ్యిలో పోసి, పుల్లలు పెట్టి ఊదింది.

"రాసుకో అయ్యా. మా పెద్దోడు వేరుపడ్డాడు."

"నువ్వు ఏ పొయ్యి కింద?"

"చిన్నోడి కింద."

బ్రహ్మయ్య రాసుకున్నాడు. మధ్యాహ్నం రూతు ఎప్పటిలా ఎసరు కుండ తెచ్చి అత్త పొయ్యి మీద పెట్టబోయింది. ఆదెమ్మ చేయి అడ్డం పెట్టింది. "నీ పొయ్యి అటుందమ్మా" అంది. కోపం రెండు రోజుల్లో పోతుందని ఏలీయా అనుకున్నాడు. అది కోపం కాదని రూతుకు ముందు తెలిసింది.

నాలుగు నెలలకు ఏలీయా బస్సెక్కి నందిగామలో ఇళ్ల ఆఫీసుకు వెళ్లాడు. గుమాస్తా చెన్నకేశవరావు జాబితా తీశాడు. అరవై పేర్లు. నలభయ్యో పేరు కింద ఎర్ర సిరాతో గీత ఉంది. ఏలీయాది నలభైమూడు.

"డబ్బు ఒకే మొత్తంగా వస్తదయ్యా. ఇళ్లకెంత, హాలుకెంత, కుళాయిలకెంత అన్నది మీ పంచాయతీ వాళ్లు తీర్మానం చేస్తారు. కమ్యూనిటీ హాలు కావాలన్నారు. ఇళ్లు తగ్గినయ్."

"హాలు ఎవరడిగారండీ?"

చెన్నకేశవరావు ఫైలు తిప్పి ఒక అర్జీ చూపించాడు. "ఈ మొదటి సంతకం ఎవరిది? ఏలీయా అంటే నువ్వేగా?"

తనదే. కిందటేడు పాలెంలో ఒక పెళ్లి వానకు తడిసిపోతే, అర్జీ రాయించి ఇంటింటికీ తిరిగి వేలిముద్రలు వేయించింది తనే. సంతకం వచ్చినవాడు కాబట్టి మొదట తనే పెట్టాడు.

"ఇప్పుడేం చెయ్యమంటారండీ?"

"పేరు తీసెయ్యలేదుగా. వచ్చే విడతలో మూడోవాడివి. ఈలోపు తనిఖీకి వస్తుంటారు. రెండు పొయ్యిలూ మండుతుండాలి. ఒకటి చల్లారిందంటే కలిసిపోయారని పేరు కొట్టేస్తారు. చూసుకో."

ఇంటికొచ్చి ఏలీయా కొత్త పొయ్యి తవ్వెయ్యటానికి గునపం తీశాడు. రూతు గునపం పట్టుకుంది. "తీస్తే పేరు పోద్ది. ఇన్నాళ్లూ పడ్డదంతా దేనికి?" అంది. ఏలీయా తల్లి వైపు చూశాడు. ఆదెమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. అతను గునపం మూలన పెట్టాడు.

వచ్చే విడత ఆ ఏడు రాలేదు. పై ఏడూ రాలేదు. రూతు పురిటికి కీసరలో పుట్టింటికి వెళ్తే పొయ్యి చల్లారుతుందని వెళ్లలేదు. ఆ గుడిసెలోనే కన్నది. హాలు మాత్రం లేచింది. పాలెంలో ఇద్దరికి అందులో పెళ్లిళ్లయ్యాయి. వానాకాలం ఏలీయా దాని వరండాలో పడుకునేవాడు.

"అడిగి కట్టించుకున్నావు, పడుకో" అనేవాడు స్తెఫను.

మూడో ఏడు మాఘమాసంలో స్తెఫను అత్తగారు చనిపోతే భార్యాబిడ్డల్ని తీసుకుని వెళ్లాడు. వెళ్లిన మర్నాడు ఆదెమ్మకు జ్వరం తగిలింది. ఆమె పొయ్యి ఆరిపోయింది. రూతు జావ కాచి తెస్తే ఆదెమ్మ గోడవైపు తిరిగింది. రెండు రోజులు మంచినీళ్లే తాగింది.

మూడోరోజు పొద్దున్నే బ్రహ్మయ్య సైకిలు బెల్లు వినిపించింది. లోపలికొచ్చి రూతు పొయ్యి చూశాడు. మండుతోంది. పాత పొయ్యిలో చెయ్యి పెట్టాడు.

"ఇదేంటయ్యా, చల్లగా ఉంది?"

"తమ్ముడు చావుకెళ్లాడండీ. అమ్మకి జ్వరం."

"మరి మీ అమ్మ ఎక్కడ తింటంది?"

ఏలీయా తల్లి మంచం వైపు చూశాడు.

"మీ పొయ్యి మీదేగా? అంటే కలిసిపోయారు."

"మా పొయ్యిది ముట్టదండీ. ఏమీ తినట్లేదు."

"రెండ్రోజుల్నుంచా? నన్ను నమ్మమంటావా?" బ్రహ్మయ్య పుస్తకం తెరిచి పెన్సిలు పేరు మీద పెట్టాడు.

"ఒరే ఏలీయా" అంది ఆదెమ్మ మంచం మీంచి. "నీ పొయ్యిలో నిప్పు తెచ్చి నా దాంట్లో వెయ్యరా."

"అమ్మా, నిప్పు తెస్తే..."

"తెలుసు. వెయ్యి."

ఏలీయా పెంకు మీద నిప్పులు తీసుకుని మూడడుగులు నడిచి తల్లి పొయ్యిలో పోశాడు. పుల్లలు పెట్టి ఊదాడు. పొగ లేచి మంట అందుకుంది.

బ్రహ్మయ్య కాసేపు మంట చూశాడు. "రెండు పొయ్యిలు" అని పైకి చదువుతూ రాసుకున్నాడు.

"వచ్చే విడత ఎప్పుడండీ?"

"ఢిల్లీ వాళ్లనడుగు" అని బ్రహ్మయ్య పక్క గుడిసెకు వెళ్లాడు.

రూతు తన పొయ్యి మీద జావ కాచి తెచ్చింది. ఆదెమ్మ లేచి కూర్చుని, ఏ పొయ్యిదని అడక్కుండా తాగింది. తల్లి పొయ్యి మీద ఏమీ లేదు. బ్రహ్మయ్య పాలెంలోంచి ఇంకా పోలేదు. అది ఆరకుండా ఏలీయా పుల్లలు వేస్తూ కూర్చున్నాడు.