శనివారం మాత్ర

కుసుమకుమారికి థైరాయిడ్ అని తేలి పదిహేను నెలలైంది. ఈ పదిహేను నెలల్లో ముగ్గురు డాక్టర్లు, రెండు కంపెనీల మాత్రలు, మధ్యలో మారేడ్‌పల్లి హోమియో ఆయన ఇచ్చిన తెల్లగుళికలు, అన్నీ అయ్యాయి. ఏదీ పట్టలేదు. రక్తపరీక్ష చేయించిన ప్రతిసారీ అంకె ఎక్కువే ఉండేది, డాక్టరు డోసు పెంచేవాడు. యాభై కాస్తా డెబ్బై ఐదైంది, డెబ్బై ఐదు వందైంది. ఒంటి బరువు మాత్రం దిగలేదు. జుట్టు దువ్వెనకి సగం, దిండుకి సగం. ఎండాకాలంలో సీతాఫల్‌మండి అంతా ఉడికిపోతుంటే ఆవిడ మేజోళ్లు తొడుక్కుని కూర్చునేది.

అవన్నీ ఓర్చుకునేదే. చదువు పోవడం ఒక్కటే ఓర్చుకోలేకపోయింది. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి. పచారీ కొట్టు పొట్లాలు విప్పి, ముడతలు సాపుచేసి చదవడంతో మొదలుపెట్టి లావుపాటి నవలల దాకా తనంతట తానే వచ్చింది. ఒంటరి ఇంట్లో పొద్దు గడిచేది వాటితోనే. ఇప్పుడు పేజీ చివరికి వచ్చేసరికి మొదట ఏముందో గుర్తుండటం లేదు. ఒకే పేజీ మూడు రోజులు చదివి, పుస్తకం బీరువాలో పెట్టేసింది. ఆ తర్వాత ఆవిడతో రోజూ మాట్లాడే గొంతు, తలుపు మూయమని చెప్పే లిఫ్టు గొంతొక్కటే.

డోసు నూట పాతికకి పెంచిన రోజు పాత సీసా పట్టుకుని మందుల షాపుకి వెళ్లింది. షాపు స్వర్ణలతది. మనసు మంచిది, నోరు ఆగదు.

"ఇది వెనక్కి తీసుకోమ్మా. డోసు మారింది."

"మూత తీసిన సీసా ఎవరు తీస్కుంటరు ఆంటీ? సగం తాగిన చాయ్ హోటలాయన వాపస్ తీస్కుంటడా?" అంటూనే స్వర్ణలత సీసా ఊపి చూసింది. మళ్లీ ఊపింది. మాత్రలు ట్రేలో పోసి ఐదేసి చొప్పున పక్కకి తోసింది. "ఇది ఎప్పుడు తీస్కపోయిన్రు?"

"రెండు నెలలైంది."

"నూరు మాత్రల సీసా. రెండు నెలలంటే నలభై మిగలాలె. గీడ అరవై ఆరున్నయ్. ఏందీ, దినాం ఏస్కుంటలేరా?"

"ఎందుకు వేసుకోను? ఉపవాసాలు తప్పించి అన్ని రోజులూ వేసుకుంటాను."

"వారంల ఎన్ని ఉపవాసాలు?"

"మూడే."

"మూడే అంట." స్వర్ణలత మాత్రలన్నీ సీసాలో పోసి మూత బిగించింది. "డాక్టర్‌సాబ్‌కి చెప్పిన్రా గీ ముచ్చట?"

"ఆయన అడగలేదు. పరగడుపునే వేసుకుంటున్నారా అన్నాడు, అవునన్నాను."

"ఆయన అడగలె, మీరు చెప్పలె. మంచిగుంది జోడీ. పోండ్రి, జెర పోయి చెప్పుండ్రి. అప్పటిదాంక కొత్త సీసా నేనియ్య."

డాక్టరు హేమచంద్ర కోప్పడలేదు. కళ్లజోడు తీసి కాసేపు కళ్లు నలుపుకున్నాడు. "ఏ మందూ పనిచేయట్లేదనుకున్నామమ్మా. అసలు ఏ మందూ మీ ఒంట్లోకి సరిగ్గా పోనేలేదు. ఇప్పుడు నూట పాతిక రోజూ మింగితే గుండె దడ పుడుతుంది. డెబ్బై ఐదుతో మళ్లీ మొదలుపెడదాం. ఏడు రోజులూ. మంచినీళ్లతో వేసుకుని, అరగంట దాకా కాఫీ కూడా ముట్టకండి. ఉపవాసం మీ ఇష్టం. మాత్ర మందు, తిండి కాదు."

ఆవిడ తలూపింది. కానీ ఆవిడ ఉపవాసంలో దీపం పెట్టేదాకా నీటిచుక్క కూడా నోట పడకూడదు. అది వాళ్లమ్మ దగ్గర నేర్చిన పద్ధతి.

మనిషి దూరమైనప్పుడల్లా కుసుమకుమారి ఒక రోజుని ముడుపు కట్టింది. భర్త అమ్మిరాజు ఆసుపత్రిలో ఉన్నప్పుడు సోమవారం మొదలుపెట్టింది. ఆయన పోయి తొమ్మిదేళ్లైనా మానలేదు. మానితే రెండోసారి సాగనంపినట్టుంటుందని భయం. గురువారం మేబెల్ కోసం. పై అంతస్తులో ముప్పై ఏళ్లున్న మేబెల్, మేనకోడలి దగ్గరికని బెంగుళూరు వెళ్లి అక్కడ మోకాలి ఆపరేషను చేయించుకుంది. శనివారం నాగజ్యోతి కోసం. సొంత చెల్లెలు. ఉండేది యాప్రాల్‌లో, బస్సులో గంట దూరం. పదకొండేళ్లుగా మాటల్లేవు.

సోమవారం అంత కష్టం కాలేదు. ఆయనే ఉంటే, ముందు మింగు, తర్వాత మొక్కుకో అనేవాడు. గురువారం సంగతి మేబెల్‌కి ఫోను చేసి చెప్పింది.

"నా మోకాలికి నువ్వు పస్తుంటున్నావా కుసుమ్? రెండేళ్లు? ఆ మోకాలితో నేను మొన్న పెళ్లిలో డాన్స్ చేశాను. పో, టాబ్లెట్ వేసుకో. పిచ్చిదానా."

శనివారం దగ్గర ఆగిపోయింది. రెండు శనివారాలు మాత్ర తీసి మళ్లీ సీసాలో వేసేసింది. ఆ పస్తు ఒక్కటే తనకీ జ్యోతికీ మధ్య మిగిలిన దారం. దాన్ని తన చేత్తోనే తెంపితే ఇంక ఆ పిల్ల రాదు. మూడో శనివారం మాత్ర అరచేతి చెమటకి అంటుకుపోయేదాకా కూర్చుంది. ముందురోజు సాయంత్రం ఆరు పేజీలు చదివింది, ఆరూ గుర్తున్నాయి. ఆ ఆరు పేజీల మీద ఆశతో మింగేసింది.

ఏమీ కాలేదు. జ్యోతి రాలేదు, అన్ని శనివారాల్లాగే. తొమ్మిదింటికి రెండు ఇడ్లీలు తింది.

రెండు నెలలకి అంకె సరైన చోటికి వచ్చింది. మేజోళ్లు బీరువాలోకి, నవల బీరువాలోంచి బయటికి. అయితే కొత్త బాధ ఒకటి పట్టుకుంది. పస్తుంటే తన వంతు తాను చేస్తున్నట్టే ఉండేది. శనివారం కడుపు నిండా తిని కూర్చునేసరికి, ఆనాటి మాట నేరుగా ఎదురొచ్చింది.

అమ్మ చివరి రోజుల్లో ఉన్నది నాగజ్యోతి ఇంట్లో. పదకొండో రోజున, చుట్టాలందరి ముందూ కుసుమకుమారి అంది: "మందులు వేళకి ఇచ్చుంటే అమ్మ ఇంకో ఏడాది బతికేది." జ్యోతి ఏడుస్తూ ఒకటే చెప్పింది, వారంలో సగం రోజులు అమ్మ వేసుకోదక్కా, నేనేం చేయను అని. సాకులు చెప్పకు అంది తను.

ఆ పక్క శనివారం పొద్దున్నే మాత్ర మింగి, ఫోను తీసింది. ఎత్తరనే అనుకుంది. అయినా చేసింది. చాలాసేపు మోగి, ఎత్తారు. అవతల కుక్కరు కూత వినిపించింది.

"జ్యోతీ, నేను."

ఆగకుండా అసలు సంగతికి వచ్చేసింది.

"అమ్మ ఉపవాసాల రోజు మందులు వేసుకునేది కాదు కదా."

కుక్కరు మరో కూత వేసింది. స్టవ్వు కట్టేసిన చప్పుడు.

"ఎవరు చెప్పారు ఇప్పుడు?" పదకొండేళ్లలో ఆ గొంతు ముసలిదైపోయింది.

"ఎవరూ చెప్పలేదు. నేనూ అదే పని చేశాను. ఏడాది పైన. థైరాయిడు మాత్ర." తర్వాతి మాట బలవంతాన అంది. "నీ తప్పు లేదు. నేనే అనకూడని మాట అన్నాను."

పెట్టేస్తుందేమోనని కుసుమకుమారి ఫోను చెవికి ఇంకా నొక్కుకుంది.

"ఎంత డోసు నీది?"

"డెబ్బై ఐదు."

"నాది వంద," అని నాగజ్యోతి ఫోను పెట్టేసింది.

మాత్ర మింగి అరగంట కావడానికి ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి. కుసుమకుమారి కాఫీకి నీళ్లు పెట్టకుండా, ఫోను ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది.