ఎడమ భుజం మీద చెయ్యి

విమానాశ్రయంలో సామాన్ల తనిఖీకి ముందు జ్వరాల తనిఖీ. ప్రయాణికుడు గీత మీద నిలబడాలి, టోపీ ఉంటే తీయాలి, కెమెరా వైపు చూడాలి. తెర మీద ఆకుపచ్చగా కనిపిస్తే వెళ్లొచ్చు. ఎర్రగా కనిపిస్తే పక్క గదిలోకి. ఆ మనిషిని చివరిసారి ఆప్యాయంగా పట్టుకున్న చెయ్యి కూడా, పట్టుకున్న చోటే తెర మీద కనిపించేది. వీపు మీద తల్లి చెయ్యి, చెంప మీద పసివాడి చెయ్యి. ఆ చెయ్యి గలవాళ్లకి ఎక్కడ జ్వరమొచ్చినా ఇక్కడ దాని అచ్చు ఎర్రబడేది. అచ్చు ఎర్రబడినా ప్రయాణం లేదు. జబ్బింట్లోంచి వచ్చినవాళ్లని విమానం ఎలా ఎక్కిస్తారు?

ఆ రూలంటే పెద్ద నర్సుకి ప్రాణం. ఏడ్చినా, కాళ్లావేళ్లా పడ్డా వినేది కాదు. "ముందు ఇంటికెళ్లి వాళ్ల సంగతి చూసుకో" అనేది. ఆవిడ పక్కన భోజనానికి ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. కూర్చోమని ఆవిడా అడగలేదు. అడిగే రకం కాదు.

డ్యూటీ ఎక్కేముందు నర్సులూ గీత మీద నిలబడాలి. పెద్ద నర్సు ఎడమ భుజం మీద ఎప్పుడూ ఒకే చెయ్యి.

"ఎవరిదండీ అది?" అని రెండో నర్సు ఒకసారి అడిగింది.

"పాత మరక. నీ పని చూసుకో."

అది చెల్లెలిది. తల్లికి బాగాలేదని చెల్లెలు ఆలస్యంగా కబురు పెట్టింది. ఈవిడ వెళ్లేసరికి అంతా అయిపోయింది. "అక్కా" అంటూ చెల్లెలు భుజం మీద చెయ్యి వేస్తే విదిలించి కొట్టింది. తర్వాత మాటల్లేవు. ఆవిణ్ణి ముట్టుకున్నవాళ్లూ లేరు.

ఒక పొద్దున ఆ చెయ్యి ఎర్రగా ఉంది.

"కెమెరా తుడు," అంది పెద్ద నర్సు.

తుడిస్తే ఇంకా ఎర్రగా కనిపించింది.

"ఇవాళ మీకు డ్యూటీ లేదండీ," అంది రెండో నర్సు.

"ఆ మనిషికీ నాకూ సంబంధమే లేదు."

"మా ఆయన ఒళ్లు కాలుతోందని, పోయినేడు మా తమ్ముడి పెళ్లికి నన్ను విమానం ఎక్కనిచ్చారా? మొగుడూ పెళ్లాలం మాట్లాడుకోవట్లేదు మొర్రో అన్నా విన్నారా?"

పెద్ద నర్సు పక్క గదిలోకి వెళ్లి, తను ఎందరినో కూర్చోబెట్టిన కుర్చీలోనే కూర్చుంది. కాసేపటికి మళ్లీ వచ్చి గీత మీద నిలబడింది.

"తగ్గింది చూడు. ఎరుపు పోయింది."

రెండో నర్సు దగ్గరికి వంగి చూసింది. తెర మీద ఆ చేతివేళ్లు చివర్ల నుంచి నీలంగా మారుతున్నాయి.

"వెళ్లండమ్మా," అంది చివరికి, మెల్లగా. "ముందు వెళ్లండి."

చెల్లెలి ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల మంచం మీద, దుప్పటి కింద, ఒక్కతే వణుకుతోంది.

"ఎవరూ?"

"నేను."

చెల్లెలి పళ్లు టకటకలాడాయి.

"నీకెవరు చెప్పారు? నేనెవరికీ చెప్పలేదే."

"నువ్వే చెప్పావు."

పెద్ద నర్సు నాడి పట్టుకుని చూసింది. అంబులెన్సుకి ఫోన్ చేసి, వీధి పేరు రెండుసార్లు చెప్పి, తొందరగా రమ్మని అవతలివాణ్ణి నాలుగు చీవాట్లు పెట్టింది. తర్వాత చెప్పులు విప్పి, దుప్పటి ఎత్తింది.

"ఇంకా కోపంగానే ఉన్నావా అక్కా?"

"ఉన్నాను. జరుగు."