ఆ రాష్ట్రంలో తుపాకీ ఎక్కడ పెట్టాలి

డిక్కీలో పెట్టాలట, గుళ్లు తీసేసి, పెట్టెకు తాళం వేసి, చేతికి అందనంత దూరంలో, కానీ పికప్ బండికి డిక్కీ ఎక్కడిది, వెనక ఉన్నది తొట్టే కదా, అందులో ఇప్పటికే దాగలీ సుత్తులూ, ముప్ఫై ఏళ్లుగా వయోమింగ్ గుర్రాలకు నాడాలు కొట్టిన సామానంతా ఎక్కింది, అనుకుంటూ మార్వా వంటింటి బల్ల మీద, దారిలో తగిలే రాష్ట్రాల తుపాకీ నిబంధనల కాగితాలు మళ్లీ మొదటినుంచి తిరగేసింది, నెబ్రాస్కాలో ఒక మాట, ఇల్లినాయిలో ఒక మాట, న్యూజెర్సీకి వచ్చేసరికి అసలు భాషే మారిపోయింది, ఇక్కడ రివాల్వర్ నడుముకు కట్టుకుని కిరాణా కొట్టుకెళ్లినా ఎవరూ తలెత్తి చూడరు, అక్కడ అదే చేస్తే జైలు, ఇక్కడి తుపాకీ కార్డు అక్కడ చెల్లదు, లూషియన్‌ని అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయేది, చిన్న అక్షరాలు చదవడం అతని వృత్తే, నలభై ఏళ్లు మందుల షాపు నడిపాడు, చేపలు పట్టడానికి ఇంతదూరం వచ్చి, ఒక్క చేపా పడలేదు కానీ నువ్వు పడ్డావు అంటాడు, పడింది నువ్వయ్యా, ఏట్లో, నడుందాకా, లాగింది నేను అంటుంది తను, శనివారం న్యూజెర్సీలో, అతని ఊళ్లో పెళ్లి, ఆ తర్వాత అక్కడే కాపురం, కానీ ఇది అతన్నెలా అడగడం, ఆ షాపులో ఎవడో మొహానికి తుపాకీ పెట్టిన రోజు నుంచి అతను తుపాకీ వైపు కన్నెత్తి చూడలేడు, మొన్న శరదృతువులో తను మరిచిపోయి బల్ల మీద పెడితే, పాపం, కాఫీ కప్పు తీసుకుని వరండాలోకి వెళ్లి నిలబడ్డాడు.

అమ్మెయ్యొచ్చు, ఎన్నిసార్లు అనుకుందో, అనుకున్న ప్రతిసారీ ఆ తెల్ల ట్రక్కు వచ్చి బండి వెనక చూపే అద్దంలో నిలబడుతుంది, అప్పుడు తనకి ఇరవై తొమ్మిది, నలభై మైళ్లు ఒక్క ఇల్లు లేని రోడ్డు, తను మెల్లగా పోతే వాడూ మెల్లగా, ఆగితే వాడూ ఆగి, లైట్లు ఆర్పి, ఇంటికొచ్చి చెబితే మొదటి మొగుడు పగలబడి నవ్వాడు, నీ వెంట ఎవడు పడతాడే, గుర్రపు పేడ కంపు కొడుతుంటేనూ, షెరీఫేమో వాడికీ అటే పనుందేమోనమ్మా అన్నాడు, మర్నాడే రివాల్వర్ కొంది, అది లేకుండా ఆ రోడ్డెక్కలేదు, రెండువేల మైళ్లు ఎలా ఎక్కుతుంది, కుదరదంటే, కుదరదంతే, శనివారం పెళ్లీ లేదు, ఏమీ లేదు అనుకుని, లూషియన్ ఊరి పోలీసు స్టేషన్‌కి ఫోన్ కలిపింది.

ఎత్తింది ఒకామె, పేరు పెర్లీన్ అంది, గొంతులో నవ్వు, గుళ్లు వేరేగా, తుపాకీ వేరేగా పెట్టండి, తాళం పెట్టె సీటు వెనక పెట్టినా సరే, ముందు సొరుగులో మాత్రం వద్దు, దారిలో షికార్లు చెయ్యకండి, వచ్చిన అరవై రోజుల్లో మా దగ్గర కార్డుకి దరఖాస్తు పెట్టుకోండి, ఇంట్లో ఉంచుకోవచ్చు, నడుముకి కట్టుకుని తిరగాలంటే అది వేరే అనుమతి, బోలెడు తతంగం, అంటూ ఆగి, ఉండండుండండి, పికప్పా, వయోమింగా, గుర్రాలకు నాడాలు కొట్టే ఆవిడ మీరేనా తల్లీ, మీ ఆయన మూడుసార్లు వచ్చాడు కదా ఇక్కడికి, కాబోయే ఆయనలెండి, గసగసాల రొట్టె కూడా పట్టుకొచ్చాడు, ఈ ప్రశ్నలే, దారిలో ఒక్కో రాష్ట్రం పేరూ రాసుకుని, గోడమీద తుపాకీ బొమ్మ ఉంటే అటు వీపు పెట్టి కూర్చున్నాడు పాపం, తుపాకీ వద్దని చెప్పండి ఆవిడకి, తేలిపోతుంది అన్నాను, తను అందుకు రాలేదన్నాడు.

మార్వా థాంక్స్ చెప్పిందో లేదో గుర్తులేదు, వెంటనే అతనికి కలిపింది, ఏమయ్యా పోలీసుల దగ్గరకెందుకెళ్లావు అంటే, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదన్నమాట అని గొణిగాడు, ఇక్కడ అల్మారాలో నీ తుపాకీకో ఇనప పెట్టె బిగించాను, తాళంచెవి ఒక్కటే, అది నీదే, నేను చూడకుండా ఉంటే చాలు, ఎందుకయ్యా ఇదంతా, నీకు భయం కదా అంది, అవును భయమే, అన్నాడు, మరి నీ వెంట ఆ ట్రక్కు నలభై మైళ్లు వచ్చింది కదా.

వచ్చింది కదా అన్నాడు, వచ్చిందేమో అనలేదు, వచ్చిందంటున్నావు అనలేదు, కిటికీలోంచి పొద్దుటి ఎండ కాగితాల మీద పడుతోంది, అవతల లూషియన్, వింటున్నావా, గుళ్లు వేరే పెట్టు సుమా అంటున్నాడు, వింటూనే ఉంది, ముప్ఫై ఏళ్లుగా తను రివాల్వర్ నడుముకి కట్టుకు తిరిగింది, ఆ ట్రక్కు నిజంగా వచ్చిందని నమ్మే మనిషి ఒక్కరూ లేకనే, ఇప్పుడు నమ్మిన మనిషి ఉన్నాడు.