బొటనవేలి కింద మిడత

కళావతి చెంప మీద దెబ్బ పడేసరికి అటెండర్ ఉప్పలయ్య చేతిలో హారతి పళ్లెం ఇంకా తిరుగుతూనే ఉంది!

1983 దసరా. హన్మకొండలో, యూనివర్సిటీ జువాలజీ ల్యాబ్‌లో ఆయుధపూజ. మైక్రోస్కోపులకు పసుపు, కుంకుమ, బంతిపూల దండలు. ఏటా కర్పూరం వెలిగించే బల్ల మీదే ఈసారి కళావతి స్లైడ్ల పెట్టెలు రెండు, పక్కనే ఆమె వాటిని తుడుస్తున్న, నిప్పు తగిలితే భగ్గుమనే జైలీన్ సీసా, మూత తీసి.

ఆ పెట్టెలే ఆమె బతుకంతా. ఒకదాంట్లో పురుగుమందు కొట్టిన తొర్రూరు పత్తిచేలలోని మిడతల కణాలు, రెండోదాంట్లో మందు ఎరగని పాలంపేట మిడతల కణాలు. తొర్రూరు వాటిలో క్రోమోజోములు తెగిపోయి ఉంటాయి, పాలంపేటవి నిక్షేపంగా ఉంటాయి. ఆ ఒక్క పేపర్‌ను ఎన్ని దేశాల వాళ్లు తమ పేపర్లలో పేర్కొన్నారో! ఇప్పుడు పోలండ్ నుంచి ఒకాయన, మాకు అలా రావడం లేదు, మీ స్లైడ్లు పంపండి అని రాశాడు. అది తెలిసిన క్షణం నుంచీ తోటి లెక్చరర్ రాంచందర్‌కు నిద్ర లేదు. ఉన్న ఒక్క రీడర్ పోస్టుకు పోటీ వాళ్లిద్దరే మరి.

"పార్సిల్ తర్వాత మేడం, ముందుగాల మేం చూస్తం" అంటూ రాంచందర్ పాలంపేట పెట్టె లాక్కున్నాడు. "తొర్రూరువి మందుతోని తెగలే. నీ బొటనవేలు గట్టిగ నొక్కితె తెగినయ్."

గాజుపలకల మధ్య కణాలను బొటనవేలితో నొక్కి పరచడం, ఈ పనంతా అదే! ఆ వేలినే అన్నాడు.

"ఇడువు!" కళావతి అతని మణికట్టు కొరికింది, పెట్టె మళ్లీ బల్ల మీద పడింది. అప్పుడే చెంపదెబ్బ. ఆమె పూజ కొబ్బరికాయ అందుకుని అతని నుదుటి మీద కొట్టింది. రక్తం కంట్లోకి కారుతున్నా వదలకుండా అతను ఆమె జుట్టు పట్టి బల్లకేసి గుద్దాడు.

"సారూ! అమ్మా! పండుగ పూట ఏందిది!" ఉప్పలయ్య అడ్డం వెళ్లాడు, పళ్లెంతో సహా. జైలీన్ సీసా ఒరిగింది, కర్పూరం దాని మీద పడింది.

భగ్గున లేచిన మంటలోకి కళావతి చెయ్యి పెట్టింది. చేతికొచ్చిన పెట్టె తొర్రూరుది. తొర్రూరువాటితో పోల్చి చూపాల్సిన పాలంపేట స్లైడ్లు టపటపా పగిలిపోతూనే ఉన్నాయి. ఆమె కుడి బొటనవేలు ఎముక దాకా కాలింది, ఆసుపత్రిలో తీసేశారు.

తర్వాతి ఏడాది హైదరాబాద్ లైబ్రరీలో, ఎవరి పేపర్‌ను ఎవరు పేర్కొన్నారో చెప్పే సైటేషన్ ఇండెక్స్ తెరిస్తే ఆమె పేరు కింద వరుస రెట్టింపు! ఒక్కో పేపరే తీసి చదివింది. అన్నిట్లో ఒకే మాట: రుజువు కాలేదు, వేలి ఒత్తిడి వల్ల కావచ్చు.

"ముబారక్ మేడం" స్టాఫ్ రూంలో అందరి ముందు నవ్వాడు రాంచందర్. "తిట్టుడుకైనా నీ పేరే రాస్తాండ్రు."

"నాకు వేలు లేదు. నీకుంది కదా? మిడతల్ని నువ్వే పట్టు, నువ్వే నొక్కు. దమ్ముందా?"

"నొక్కుత! నేన్ నొక్కితె ఒక్కటన్న తెగదు. పందెం!"

తొర్రూరు పోయాడు, పాలంపేట పోయాడు, మిడతల్ని తనే పట్టుకొచ్చాడు. పసిపాప బుగ్గ ముట్టినంత మెత్తగా నొక్కాడు. పాలంపేట స్లైడు చూసి ఈల వేశాడు. తొర్రూరుది పెట్టి చూసి, ఈల ఆపేశాడు. ఇంకోటి చూశాడు. ఇంకోటి. చేతికందిన తొర్రూరు స్లైడును నేలకేసి కొట్టి, రెండోది ఎత్తబోయాడు.

వెనకే నిలబడి చూస్తున్న కళావతి అతని మెడ వెనక పట్టి మొహాన్ని మైక్రోస్కోపుకేసి మోదింది. కొబ్బరికాయ మచ్చ మళ్లీ చిట్లింది.

"చూడు! ఎవలి బొటనవేలు గది?"

ముక్కలైన క్రోమోజోముల మీద అతని రక్తం బొట్టు పడింది.

"పేపరు రాస్త" ఆమె పట్టు వదల్లేదు. "నొక్కినోడు రాంచందర్ అని నీ పేరే ముందుగాల పెడ్త. ఇగ ఎట్ల కాదంటవో అను!"